మైలుతుత్తం మూట

నీళ్లను కొలవడం నా ఉద్యోగం. సిరిసిల్లలో బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో పని చేస్తాను. బాయిలర్‌కు పోయే నీళ్లు, రంగు కలిపే నీళ్లు, చివరికి బయటికి వదిలే నీళ్లు, ఈ మూడింటినీ పరీక్షించి దేంట్లో ఏ మందు ఎంత పడాలో చెప్పేది నేనే. నన్ను ముభావి అన్నవాళ్లున్నారు. పిసినారి అన్నవాళ్లున్నారు. పెళ్లి భోజనంలో కూడా ఉప్పు తూకం వేసే రకం అన్నవాళ్లున్నారు. మందు లెక్క తప్పాడని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట మొదట అన్నది మా బావ. అది అబద్ధమని ఆయనకు తెలిసే అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. కోరుట్లలో ఎరువుల దుకాణం నడుపుతాడు, పొలం కూడా చేస్తాడు. మాటకారి. ఆయన ఉన్న చోట నలుగురు నవ్వకుండా ఉండరు. ఆ నవ్వుల్లో సగం నా మీదే ఉంటాయి. మా వైపు బావకు బామ్మర్దిని ఎగతాళి చేసే హక్కు పుట్టుకతో వచ్చినట్టే వస్తుంది. బామ్మర్దికీ తిరిగి అనే హక్కు ఉంది. అలిగినవాడు ఓడినట్టు. నిజం చెప్పి వివరించబోయినవాడు అంతకంటే ఘోరంగా ఓడినట్టు.

మా ఇల్లు జగిత్యాలలో, అమ్మ అక్కడే ఉంటుంది. వారమంతా సిరిసిల్లలో అద్దె గదిలో ఉండి శనివారం ఇంటికి వస్తాను. ఆ ఇంట్లో, ముందు గదిలో గోడకానించి, ఉప్పునీళ్ల తొట్టె పెట్టుకున్నాను. బంగారు చేపల తొట్టె కాదు, పగడాల తొట్టె. అందులో రెండు చారల చేపలు, ఒక రొయ్య, కొన్ని నత్తలు, పువ్వుల్లాంటి మెత్తటి పగడాలు. సముద్రంలో విరిచి తెచ్చినవి కావు, తొట్టెల్లోనే పెంచి ముక్కలు చేసి ఇచ్చేవాళ్ల దగ్గర కొన్నవి. వాటిలో నాకు ప్రాణం ఒక పచ్చగడ్డి పగడం. ఊదారంగు చాప మీద వరినారు మొలిచినట్టు ఉంటుంది. నీటి పోటుకు అలలు అలలుగా ఊగుతుంది. దాని ముక్కలు అతికించడానికి మిల్లులో పనికిరాని పింగాణీ వలయాలు ఏరుకొచ్చేవాణ్ని. దారం తెగకుండా జారడానికి యంత్రాల మీద ఉంటాయి, వేలి ఉంగరమంత. అలా అతికించిన ఒక ముక్కను మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పని చేసే మిత్రుడికి ఇచ్చాను. అదొక్కటే మంచి పని జరిగింది.

ఒకసారి ఆ తొట్టెలో వెంట్రుకల్లాంటి నాచు మొదలైంది. పగడాల తొట్టెలో నాచు రావడం వింత కాదు, దాన్ని చూసి తొందరపడటమే ప్రమాదం. నేను తొందరపడలేదు. నీళ్లు పరీక్షించాను. చేపలకు మేత తగ్గించాను. దీపం వెలిగే సమయం తగ్గించాను. చేతికందినంత నాచు పీకేశాను. మిగిలినదానికి ఒక మందు తెచ్చి, సీసా మీద చెప్పినదాంట్లో సగం మాత్రమే వేసి, పగడాలు ముడుచుకోలేదని చూసుకుని, సీసాను తొట్టె పక్కనే పెట్టి సోమవారం పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను.

ఆ వారం మధ్యలో బావ ఏదో పని మీద జగిత్యాల వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నాడు.

శనివారం నేను ఇంట్లో అడుగుపెట్టేసరికే వాసన వచ్చింది. నత్తలు రాళ్ల మీంచి రాలి ఇసుకలో వెల్లకిలా పడున్నాయి. రొయ్య పెంకు మాత్రం ఒక మూల తేలుతోంది. పచ్చగడ్డి పగడం ఊదారంగు చాప జిగురుగా కరిగి, పట్టుకుంటే వేళ్లకు అంటుకుని వచ్చింది. చేపలు రెండూ బతికే ఉన్నాయి. మేత కోసం అద్దం దగ్గరికి వచ్చాయి.

కింద నీళ్లు వడపోసే పెట్టె తెరిచి చూశాను. పైనుంచి నీళ్లు దిగే గొట్టం మూతికి, సుతిలి తాడుతో, గుడ్డమూట కట్టి ఉంది. మూట అడుగున నీలం మరక. మైలుతుత్తం.

మా వైపు రైతు ఎవరికైనా ఈ మూట తెలుసు. వరిమడిలో నాచు పట్టి నారుకు ఊపిరాడకపోతే, మైలుతుత్తం గుడ్డలో కట్టి కాలువ నీళ్లు మడిలోకి దిగే మోరి దగ్గర వేలాడదీస్తారు. నీళ్లు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుని మడంతా తిప్పుతాయి. నాచు పోతుంది, వరి బతుకుతుంది. బావ నా తొట్టెలో నీళ్లు దిగే మోరి వెతికి, సరిగ్గా అక్కడే కట్టాడు. పనితనంలో లోపం లేదు. తుత్తంలో ఉండేది రాగి. వరి ఓర్చుకునే రాగి, పగడానికీ రొయ్యకూ నత్తకూ విషం. చేపలు కొంతవరకు తట్టుకుంటాయి. నాకు ఉరి పడింది ఆ బతికిన చేపల వల్లే.

ఫోన్ చేశాను.

"బావా, తొట్టెల ఏం గట్టినవ్?"

"తుత్తం. గంత నాచు వెట్టుకొని ఎట్ల ఉంటున్నవ్‌రా? మా మడిల వడితే గదే గడ్తం. సాఫ్ అయిందా లేదా?"

"అన్నీ సచ్చినయి."

అటునుంచి నవ్వు. "చేపలు?"

"చేపలున్నయి."

"మరి తుత్తమైతే చేపలు సావయా? ఆడ సీసా వెట్టుకున్నవు గద, గా మందే ఎక్కువేసినవ్. నా మీదికి దొబ్బకు."

అక్కడితో ఆగి ఉంటే నేనూ ఆగేవాణ్నేమో. తర్వాత ఒక నిశ్చితార్థంలో, రెండు వైపుల చుట్టాలూ విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, బావ గొంతు పెంచాడు. "మా బామ్మర్ది ఇంట్ల సావు అయింది, మీకెరికేనా? పువ్వులు సచ్చినయి. ఇంజినీరు సాబ్ మందు ఎక్కువేసిండు. ఏంరా, దినాలెప్పుడు? మాకు దావత్ ఉంటదా లేదా?"

అందరూ నవ్వారు. "తుత్తం గట్టింది నువ్వు" అన్నాను. వివరించబోయాను. రాగి, రొయ్య, చేపల తేడా. రెండో వాక్యానికే నా గొంతు నాకే పాఠం చెప్తున్నట్టు వినిపించింది.

"మేము తుత్తం గట్టి పంటలు పండిస్తం రా" అన్నాడు బావ. "నువ్వు బుక్కులు సదివి సంపినవ్."

ఇంకా పెద్ద నవ్వు. ఇంటికొచ్చాక అమ్మ ఒకటే మాట అంది. "బిడ్డనిచ్చినోళ్లం. జర తగ్గి ఉండు."

ఆ విస్తళ్ల దగ్గర మా మిల్లు రంగుల మేస్త్రీ కూడా ఉన్నాడు. బావకు వరసకు చిన్నాయన. సోమవారం నేను పనిలోకి వెళ్లగానే ఆయన అన్నాడు. "తమ్మీ, రంగు గోలెంల మందు జర సూసి చెప్పు. నీ పువ్వులు సచ్చినట్టు మా రంగు సచ్చేను." అన్నది నవ్వుతూనే. కానీ ఆ రోజు నేను చెప్పిన కొలతను ఆయన ఇంకొకరితో మళ్లీ చూపించుకున్నాడు. నేను చూశాను. బావ మీద కక్ష పెరగడం మొదలైంది ఆ క్షణాన్నే. అంతకుముందు ఉన్నది బాధ మాత్రమే.

తొట్టె ఖాళీ చేశాను. రాళ్లు కూడా పారేశాను. రాగి రాళ్లలోకి ఇంకుతుంది, తర్వాత ఎప్పుడో మెల్లగా బయటికి వస్తుంది. ఆ రాళ్ల మీద మళ్లీ పగడం పెట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. మూటను మాత్రం ఎండబెట్టి గాజు సీసాలో వేసి గట్టిగా మూత పెట్టాను. ఎందుకో అప్పుడు తెలియదు. పారేయబుద్ధి కాలేదు.

నాకేం కావాలో మాత్రం తెలుసు. బావ, అదే చుట్టాల ముందు, తన నోటితో, తుత్తం కట్టింది నేనే అనాలి. నేను అనడం లెక్కలోకి రాదు.

చాలా నెలలు ఆ అవకాశం రాలేదు. మనసులో కొన్ని పనులు చేస్తూ ఉండేవాణ్ని. ఆయన దుకాణంలో బస్తాల మీద వానపడేలా రేకు జరపడం, ఆయన బండి టైర్లలో గాలి తీయడం, ఇట్లాంటి పిల్లచేష్టలు. ఏదీ సరిపోయేది కాదు. వాటిలో ఏదీ ఆయన నోరు తెరిపించదు.

ఇంతలో బావ కోరుట్లలో కొత్త ఇల్లు కట్టాడు. మా ఇంట్లో తొట్టె బతికున్నప్పుడు వచ్చినవాళ్లు దాని ముందు ఎలా నిలబడిపోయేవారో ఆయన చూశాడు కదా, హాలు గోడలో పెద్ద పగడాల తొట్టె పెట్టించాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. గృహప్రవేశం దగ్గరపడుతుండగా ఫోన్ వచ్చింది.

"బామ్మర్దీ, జర వచ్చి సూడరాదు. ఆకుపచ్చగైతుంది."

"మందు ఎక్కువేసి సంపేటోణ్ని, నన్నెందుకు బావా?"

"అబ్బా, గది ఇంక మనసుల వెట్టుకున్నవా?"

ఆదివారం పొద్దున జగిత్యాల నుంచి బండి మీద బయల్దేరాను. సంచిలో నీళ్లు పరీక్షించే సామాను, చేతి తొడుగులు, ఆ గాజు సీసా. మేడిపల్లి దాటేదాకా ఒకటే ఆలోచించాను. ఏమీ చేయకుండా "అయ్యో బావా" అని వచ్చేస్తే ఎలా ఉంటుంది? ఆ అయ్యోను ఎన్ని రకాలుగా అనవచ్చో కూడా మనసులో అని చూసుకున్నాను.

ఇల్లు ఇంకా సున్నం వాసన వేస్తోంది. తొట్టె నిజంగానే పెద్దది. రాళ్లన్నీ పచ్చటి జుట్టు వేసుకుని ఉన్నాయి. పగడాలు ఆ జుట్టులో మునిగిపోతున్నాయి. అక్క చాయ్ తెచ్చింది. బావ దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు, చొక్కా చేతుల మీద బూడిదరంగు దుమ్ము. వస్తూనే, "గిది సూడు, గీ మూలకు" అని చేయి మోచేతిదాకా నీళ్లలో పెట్టి చూపించాడు. వేళ్ల నుంచి సన్నటి పొగలాంటిది నీళ్లలోకి దిగింది.

"ఏం పట్టుకున్నవ్ బావా ఇప్పుడు?"

"డీఏపీ బస్తా చిరిగింది, ఎత్తివోసిన."

"రోజు గిట్లనే చెయ్యి వెడ్తవా?"

"మరి? చేపలకు మేత ఎవలేస్తరు?"

నీళ్లు తీసి పరీక్ష చేశాను. డీఏపీలో ఉండే ఫాస్ఫేట్‌ను చూపే చుక్కలు గాజుగొట్టంలో వేయగానే నీళ్లు ముదురు నీలం తిరిగాయి. తుత్తం రంగే. తొట్టె నింపిన బోరునీళ్లలో నైట్రేట్ కూడా ఉంది. బావ తన దుకాణం ఎరువును, రోజూ, తన చేత్తో, తన తొట్టెలో వేసుకుంటున్నాడు. నాచుకు అంతకంటే మంచి రైతు దొరకడు. నాలో ఏదో చల్లబడింది. ఆ సంతోషాన్ని నేను దాచుకోను.

అప్పుడు చూశాను. ముందు వరస రాయి మీద, తెల్లటి పింగాణీ వలయం. దాని మీద పచ్చగడ్డి పగడం, సగం నాచులో.

"ఇది ఎక్కడిది?"

"సిరిసిల్లల నీ దోస్తు ఇచ్చిండు. కరెంటోడు. మంచిగున్నదని తెచ్చిన."

నా తొట్టెలో చచ్చిపోయినదాని ముక్క. ఇప్పుడు బావ చేతి కింద, నాచులో.

బావ అలమరలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి, ఆన్‌లైన్‌లో తెప్పించిన నాచుమందు సీసా, పగడాలకు ప్రమాదం లేదని మీద రాసి ఉంది. రెండోది కాగితం పొట్లం.

"గీ సీసా మొత్తం గుమ్మరిద్దామా? లేకుంటే నువ్వు ఇయ్యాల రాకపోతే గిదే గడ్దామనుకున్న." పొట్లం విప్పాడు. నీలం గడ్డలు.

'కట్టు బావా, మడి మోరికి కట్టినట్టు' అని ఒక్క మాట చాలు. రేపటికి పగడాల్లేకుండా, గృహప్రవేశం రోజున హాలు నిండా ఆ వాసన. ఆ దృశ్యాన్ని కాసేపు చూసుకున్నాను, తొందరపడకుండా.

కానీ లెక్క కుదరలేదు. తొట్టె చస్తే బావ నవ్వేస్తాడు, నీళ్లు పారబోసి బంగారు చేపలు తెచ్చుకుంటాడు. నా పేరు మీద ఇంకో కథ చెప్తాడు. ఆ వలయం మీది ముక్క కూడా పోతుంది. చావు వల్ల ఆయనకు సిగ్గు రాదు. పని వల్ల వస్తుంది. రోజూ చేయాల్సిన, ఆయన చేత్తోనే చేయాల్సిన, నేను చెప్తే తప్ప తెలియని పని వల్ల.

సంచిలోంచి గాజు సీసా తీసి ఆ పొట్లం పక్కన పెట్టాను.

"ఏందిది?" అన్నాడు బావ. నిజంగానే గుర్తుపట్టలేదు.

అక్క గుర్తుపట్టింది. సీసా ఎత్తి వెలుతురులో చూసింది. "అమ్మ పాత చీర కొంగు గద. గీ అంచు నాకెర్కలేదా." తర్వాత భర్త వైపు చూసింది. "వీడు మందెక్కువేసిండని గద నాకు చెప్పినవ్?"

బావ చాయ్ కప్పులోకి చూశాడు.

"తొట్టె బాగు చేస్త బావా" అన్నాను. "రెండు షరతులు. నేను చెప్పిన పని నువ్వే చెయ్యాలె, జీతగాళ్లు కాదు. దావత్‌ల, అందరు తినంగ, గీ మూట ఎవలు గట్టిండ్రో నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

"గింతదానికి..."

"గింతదానికే."

"చెప్తడు" అంది అక్క.

ఆ రోజే మొదలుపెట్టించాను. ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగించి, సబ్బు పోయేదాకా మళ్లీ కడిగించి, పొడవాటి తొడుగులు వేయించాను. తర్వాత తుత్తం పొట్లాన్ని ఇంట్లోంచే బయటికి పంపించాను. మందు సీసాను బల్ల మీద పెట్టి, ఇది చివర అని చెప్పాను. నాచును మందుతో ఒకేసారి చంపితే, చచ్చిన నాచు కుళ్లి నీళ్లలో గాలిని తాగేస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే ముందు చేత్తో తీయాలి. రాయిని ఒక్కొక్కటిగా బకెట్లో తొట్టెనీళ్లు పోసి ముంచి, కొత్త పళ్ల బ్రష్షుతో రుద్ది, విడిపోయిన నాచును గొట్టంతో లాగేయాలి. బోరునీళ్లు బంద్. ఆర్వో నీళ్లలో ఉప్పు కొలిచి కలిపి, కొంత కొంతగా మార్చాలి.

"ఇంత పెద్ద ఇల్లు కట్టిన" అన్నాడు బావ, పీట మీద గొంతుకూర్చుని. "రాళ్లకు పళ్లు తోముతున్న."

"వెనక దవడ పళ్లు మిగిలినయి బావా."

అక్క అటు తిరిగి నవ్వింది. నేను నవ్వలేదు.

మందు సంగతి తర్వాతి ఆదివారం వచ్చింది. అప్పటికి ఫాస్ఫేట్ రంగు పలచబడింది, నాచు రాళ్ల సందుల్లో మాత్రం మిగిలింది. తొట్టెలో నీళ్లెన్ని అని అడిగాను. బావ అద్దం పొడుగూ వెడల్పూ ఎత్తూ గుణించి చెప్పాడు. రాళ్లూ ఇసుకా నీళ్లు కాదు కదా, పైన ఖాళీ కూడా నీళ్లు కాదు, తీసేసి మళ్లీ చెప్పమన్నాను. దుకాణంలో బస్తాల లెక్క నోటితో చెప్పే మనిషి, వేళ్లు లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తప్పాడు. సరైన అంకె వచ్చాక దానికి సరిపడే మందులో సగమే కొలిపించాను. నీళ్లు వడపోసే కార్బన్ సంచి తీయించాను, లేకపోతే మందును అదే మింగేస్తుంది. గాలిబుడగల మోటారు అదనంగా పెట్టించాను. పగడాలు ముడుచుకుంటే కార్బన్ మళ్లీ పెట్టి నీళ్లు మార్చాలని, ఈ మందు పనిచేసేదాకా ఇంకే మందూ కలపకూడదని చెప్పాను. పగడాలకు ప్రమాదం లేదనే మాట సీసా మీద ఉంటుంది, పగడం దాన్ని చదవదు.

"గింత చిన్న మూతెడా?" అన్నాడు బావ.

"ఎక్కువేస్తె ఏమైతదో నీకే ఎర్క గద. నువ్వే చెప్పినవు నలుగుర్ల."

గృహప్రవేశం నాటికి తొట్టె అందంగా లేదు, బతికి ఉంది. రాళ్లు అక్కడక్కడా బట్టతలలా తేలాయి. పింగాణీ వలయం మీది గడ్డి మాత్రం నిటారుగా లేచి ఊగుతోంది. దావత్‌లో మాంసం వడ్డిస్తుండగా అక్క బావ భుజం మీద చెయ్యి వేసింది. బావ లేచాడు. నిశ్చితార్థంలో కూర్చున్నవాళ్లంతా ఉన్నారు, మా రంగుల మేస్త్రీ కూడా.

"ఇనుండ్రి" అన్నాడు. "మా బామ్మర్ది పువ్వుల సావు మీకు యాదికున్నది గద. వీడు మందెక్కువేయలే. నేనే తుత్తం గట్టిన. మడి మోరి ఏడున్నదని ఇంట్ల దేవులాడి దేవులాడి, పైపుకు గట్టిన. అత్తమ్మ చీర చింపి మరీ గట్టిన. వరి అనుకున్న. నత్తలు గిట్ల పండుకున్నయి." చేతులు పైకెత్తి, కళ్లు తేలేసి, కుర్చీలో వెనక్కి వాలి చూపించాడు.

పందిరి కదిలిపోయేలా నవ్వారు. ఒకాయన అన్నం మింగుడుపడక దగ్గాడు. మేస్త్రీ నా వీపు తట్టి, "గట్లనా తమ్మీ? నీ లెక్క నీదే ఇగ" అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పిన కొలతను ఎవరితోనూ మళ్లీ చూపించుకోలేదు.

నేను అడిగింది వచ్చింది. అయినా నా కక్ష తీరలేదు. నవ్వులన్నీ మళ్లీ ఆయనకే పోయాయి. నా పగడాల చావును చెప్పి, దానితోనే ఇంటినిండా చుట్టాలను గెలుచుకున్నాడు. ఒప్పుకోవడం కూడా ఆయనకు ఇంకో పరాచికమైంది.

వెళ్లేముందు ఆ పగడంలో సగం కోసి, కొత్త వలయం మీద అతికించుకుని, తొట్టెనీళ్లతో సంచిలో తెచ్చుకున్నాను. జగిత్యాలలో మళ్లీ తొట్టె మొదలైంది. కొత్త రాళ్లు, కొత్త ఇసుక. అందులో నత్తలు వేశాను. మొలిచే నాచునంతా రాత్రీ పగలూ అవే గీకి తింటాయి. నేను బ్రష్షు ముట్టుకోను.

బావ తొట్టెలో నత్తల్లేవు. కొత్త తొట్టె కాబట్టి ఎవరూ వేయలేదు. అవి రాగి పడని నీళ్లు కాబట్టి, వేస్తే హాయిగా బతుకుతాయి. ఆ సంగతి నేను చెప్పలేదు.

మొన్న ఆదివారం కూడా కోరుట్ల వెళ్లాను. బావ పీట మీద కూర్చుని రాయి రుద్దుతున్నాడు. వీధిలో పోయే ఒకాయన కిటికీలోంచి, "ఏం పటేలా, ఇంక పళ్లు తోముడైతలేదా?" అన్నాడు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో అక్కకు తెలుసనుకుంటాను.

అక్క చాయ్ ఇస్తూ మెల్లగా అడిగింది. "తమ్మీ, గీ నాచును తినే పురుగో నత్తో ఏదన్న ఉండదారా? మీ బావకు నడుము నొస్తుంది."

"తెలుసుకొని చెప్తనక్కా" అన్నాను.

బావ చెయ్యి బకెట్లో మోచేతి దాకా ఉంది. రాయి అవతలి పక్క ఇంకా కొంచెం పచ్చగా ఉందని చూపించాను.